ఒకే ఇంట్లో నాలుగు రకాల జుట్టు: ఏ కర్లర్ కొనాలి, ఎంత వేడి పెట్టాలి?

సాగరతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా చెల్లెలి పెళ్లి విశాఖపట్నంలో జరగబోతోంది. ముహూర్తానికి పూలజడ వేస్తారు కాబట్టి ఆ పూటకు చింత లేదు. సంగీత్‌కూ రిసెప్షన్‌కూ మాత్రం జుట్టు వదిలేసి రింగులు తిప్పుకోవాలని ఇంట్లో ఆడవాళ్లందరం అనుకున్నాం. పెళ్లింట్లో జుట్టు విరబోసుకుని తిరుగుతారా అని మా అమ్మమ్మ సణుగుతూనే ఉంది. ఆ సంగతి మేము చూసుకుంటాం. నాకు వచ్చిన చిక్కు వేరు.

గత వారం స్నేహితురాలి కర్లర్ తెచ్చుకుని ప్రయత్నించాను. దాని రాడ్డు 38 మిల్లీమీటర్లది. నా వెంట్రుకలు సన్నగా, సాఫీగా ఉంటాయి, పొడవు భుజాలు దాటి కొంచెం కిందికి వస్తుంది. రింగు గట్టిగా నిలవాలని వేడి 210 డిగ్రీలకు పెట్టాను. మెరుపు వస్తుందన్న ఆశతో చివర్లకు కాస్త కొబ్బరినూనె కూడా రాశాను. తిప్పుతుంటే చుయ్‌మని చప్పుడు, మాడు వాసన వచ్చాయి. అద్దంలో చూసుకుంటే బాగానే ఉంది కానీ, డాబా మీదికి వెళ్లి గంట గడిచేసరికి ఒక్క రింగు కూడా మిగల్లేదు. మరునాడు చూస్తే చివర్లు గడ్డిపోచల్లా గరుకుగా తయారయ్యాయి.

మా ఇంట్లో అందరి జుట్టూ ఒక్క తీరుగా లేదు. చెల్లెలిది ఒత్తైన బిరుసు జుట్టు, నడుము దాటుతుంది. పిన్ని కూతురిది పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. అమ్మది సగం నెరిసింది, దానికి సవరం పెట్టుకుంటుంది. అమెరికాలో ఉండే మా మేనత్త ఒక కొత్త కర్లర్ తెచ్చి ఇచ్చింది, దాన్ని ఇంకా ప్లగ్గులో పెట్టలేదు. అందరికీ ఒకే కర్లర్ సరిపోతుందా? ఎవరికి ఎంత వేడి పెట్టాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

ఇరవయ్యేళ్ల దువ్వెన

నేను రాజమహేంద్రవరంలో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే పని చేస్తాను. మీ రింగులు ఎందుకు విడిపోయాయో ముందు చెబుతాను; అది అర్థమైతే ఏది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్ గొలుసులను పక్కపక్కన పట్టి ఉంచే బంధాలలో హైడ్రోజన్ బంధాలు మెతకవి. తడి తగిలినా వేడి తగిలినా అవి ఊడిపోతాయి, ఆరినప్పుడూ చల్లారినప్పుడూ వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే తిరిగి ముడిపడతాయి. రాత్రి తడిజుట్టుతో జడ అల్లుకుని పడుకుంటే పొద్దున్న విప్పేసరికి వంకీలు తిరిగి ఉండటం మీరు చూసే ఉంటారు. కర్లర్ చేసేది కూడా ఆ పనే, కాకపోతే రాత్రంతా పట్టేదాన్ని పది సెకన్లలో చేస్తుంది. పార్లర్లలో మందు పెట్టి చేసే శాశ్వతమైన రింగులకు, జుట్టును శాశ్వతంగా సాఫీ చేసే రీబాండింగ్‌కు మార్చవలసింది వాటికంటే గట్టివైన డైసల్ఫైడ్ బంధాలను. అవి కర్లర్ వేడికి కొత్త ఆకారంలో ముడిపడవు. అందుకే కర్లర్‌తో తిప్పిన రింగు ఎంత బాగా వచ్చినా తలస్నానంతో పోతుంది, గాలిలో తేమ ఎక్కువైతే అంతకంటే ముందే పోతుంది. మీరు డాబా ఎక్కింది విశాఖ సముద్రపు గాలిలోకి!

ఇంతకీ అసలు కారణం గాలి కాదు, మీరు రింగును చల్లారనివ్వకపోవడం. పాయను రాడ్డు నుంచి జార్చిన క్షణంలో అది ఇంకా కాలుతూనే ఉంటుంది, అంటే బంధాలు ఇంకా ముడిపడలేదు. అలాగే వదిలేస్తే తన బరువుకు తానే సాగి, సాగిన ఆకారంలోనే చల్లారుతుంది. నేను పని నేర్పే అమ్మాయిలకు మొదటి రోజు చూపించేది ఇదొక్కటే: రాడ్డు తీయగానే రింగు కింద అరచేయి పట్టండి, చుట్ట చెదరకుండా అలాగే పైకి ఎత్తి కుదురు దగ్గర ఒక క్లిప్పు గుచ్చండి, అరచేతికి వెచ్చదనం తగలనంతవరకు దాని జోలికి పోకండి. తల మొత్తం పూర్తయ్యాక ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడు క్లిప్పులు తీసి, దువ్వెనతో కాకుండా వేళ్లతో విడదీయాలి. ఆ పది నిమిషాలకు ఓపిక లేకనే చాలామంది వేడిని 210కి పెంచుకుంటారు.

ఇక రాడ్డు లావు. ఇందులో లెక్క సులువే. 38 మిల్లీమీటర్ల రాడ్డు చుట్టుకొలత 12 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, 25 మిల్లీమీటర్లది 8 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, 19 మిల్లీమీటర్లది 6 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల పాయను 38 మీద చుడితే రెండున్నర చుట్లు, 25 మీద నాలుగుకు కాస్త తక్కువ, 19 మీద అయిదు చుట్లు పడతాయి. సన్నని సాఫీ వెంట్రుక పట్టు నిలుపుకోలేదు కాబట్టి మీరు కోరుకునే రింగు కంటే ఒక సైజు చిన్న రాడ్డుతో తిప్పుకుని, అది కొంత సాగుతుందని ముందే లెక్కవేసుకోవాలి. మీకు 25 సరిపోతుంది. నడుము దాటిన చెల్లెలి జుట్టుకు 32 బాగుంటుంది. అంత పొడవుకు 19 వాడితే పెద్ద పెద్ద అలలకు బదులు స్ప్రింగులు వేలాడినట్లు కనిపిస్తుంది. ఒక్కటే కొనగలిగితే 25ది కొనండి. చెల్లెలికి దానితోనే లావుపాటి పాయలు తీసుకుని, చుట్ల మధ్య కొంచెం ఎడం వదిలి చుడితే వంపు వదులుగా వస్తుంది.

వేడి విషయంలో అందరూ తికమకపడే సంగతి ఒకటుంది. జుట్టు ఒత్తుగా ఉండటం వేరు, ఒక్కొక్క వెంట్రుక లావుగా ఉండటం వేరు. తల నిండా జుట్టు ఉన్నా వెంట్రుక సన్ననిదైతే తక్కువ వేడే పెట్టాలి, పాయల సంఖ్య మాత్రం పెరుగుతుంది. దువ్వెనకు వచ్చిన ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి: ఉందో లేదో తెలియకపోతే సన్నది, దారంలా గట్టిగా తగిలితే లావుది. సన్నని వెంట్రుకకు, రంగు వేసినదానికి, రీబాండింగ్ చేయించినదానికి నేను 140 నుంచి 160 డిగ్రీలకు మించను. మధ్యరకానికి 160 నుంచి 180. బిరుసు జుట్టుకు 180 నుంచి 200. ఇరవయ్యేళ్లలో 200 దాటవలసిన అవసరం నాకు రాలేదు. పాయ పెన్సిలంత లావుకు మించకుండా తీసుకుంటే తక్కువ వేడి కూడా లోపలిదాకా చేరుతుంది. బొటనవేలంత పాయ తీసుకుంటే బయటి వెంట్రుకలు మాడతాయి, లోపలివి వెచ్చబడను కూడా వెచ్చబడవు. సన్నని జుట్టును రాడ్డు మీద అయిదారు సెకన్లు, బిరుసు జుట్టును పది సెకన్ల వరకు ఉంచితే చాలు. ఒకే పాయను మళ్లీ మళ్లీ తిప్పడం కంటే ఒక్కసారి నిదానంగా తిప్పడం మేలు.

మీకు వినిపించిన చుయ్‌మనే చప్పుడు మంచి లక్షణం కాదు. నూనె కాగితే అలా అంటుంది, తడి మిగిలి ఉన్నా అంటుంది. తడి వెంట్రుకను అంత వేడి రాడ్డు మీద పెడితే లోపలి నీరు ఆవిరై బయటికి పోయే దారి లేక వెంట్రుక లోపలే బుడగలు కడుతుంది, ఆ చోట అది పుటుక్కున తెగుతుంది. కొబ్బరినూనె తలంటుకు ముందు రాసుకుంటే వెంట్రుకలోని ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది; దాని చోటు అక్కడే, కర్లర్ ముందు కాదు. దానికి బదులు సిలికోన్ ఉండే హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే దొరుకుతుంది. అది వెంట్రుక మీద పలుచని పొరగా పరుచుకుని వేడి ఒక్కసారిగా తగలకుండా చూస్తుంది. చల్లి, దువ్వి, పూర్తిగా ఆరాకే రాడ్డు పెట్టాలి. అయితే స్ప్రే ఉందన్న ధీమాతో వేడి పెంచకండి. తలంటు ముందు రోజు పోసుకుని, కండిషనర్‌ను చివర్లకు మాత్రమే పట్టించండి. అప్పుడే కడిగిన జుట్టు మరీ జారుడుగా ఉండి రింగు పట్టదు.

రాడ్డు దేనితో చేశారన్నదానికి దుకాణంవాళ్లు ఇచ్చేంత ప్రాముఖ్యం నేను ఇవ్వను. సిరామిక్ పూత ఉన్నది వేడిని సమంగా పరుస్తుంది, ఇంట్లో వాడుకోవడానికి అది మంచిది. పూత పెచ్చులూడితే మాత్రం ఆ అంచుకు వెంట్రుక చిక్కి తెగుతుంది కాబట్టి పారేయాలి. టైటానియం చాలా తొందరగా వేడెక్కి అంతే తొందరగా వేడిని జుట్టుకు దించుతుంది, చేయి తిరిగినవారికే అది సరైనది. డిగ్రీలు చూపించే అంకె లేకుండా ఆన్, ఆఫ్ మీటలు మాత్రమే ఉన్న కర్లర్‌ను ఎంత చవగ్గా ఇచ్చినా కొనవద్దు. 1870లలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో కాల్చిన పటకారుతో జుట్టుకు అలలు దిద్దుతున్న కాలంలో వేడి చెప్పే అంకెలు లేవు. పటకారును కాగితానికి ఆనించి, కాగితం మాడితే ఇంకా చల్లారాలని తెలుసుకునేవారు. మీ ఇంట్లో పాత కర్లర్ ఉంటే ఇప్పటికీ అలా చూసుకోవచ్చు.

ఫ్యూజు కట్టేవాడు

జుట్టు గురించి నాకు తెలియదు, కరెంటు పని చేస్తాను కాబట్టి ఒక్క మాట. మేనత్తగారు తెచ్చిన కర్లర్‌ను దయచేసి అలాగే ప్లగ్గులో పెట్టకండి. పిడి మీదనో తీగ చివరనో సన్నని అక్షరాలు ఉంటాయి. అక్కడ 100–240 వోల్టులని ఉంటే మన దగ్గర పనికొస్తుంది, ప్లగ్గుకు అడాప్టర్ ఒక్కటి చాలు. 120 వోల్టులని మాత్రమే ఉంటే అది అమెరికా కరెంటుకే చేసినది. మనది 230. మామూలు తీగ హీటరు ఉన్న పరికరానికి దాదాపు రెట్టింపు వోల్టేజి ఇస్తే అది తీసుకునే కరెంటు శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది, ఎందుకంటే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. జుట్టు చుట్టేలోపే అది మాడిపోవచ్చు, చేతిలో ఉండగా మాడితే ఇంకా ప్రమాదం.

అడాప్టర్ ప్లగ్గు పుల్లల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని తగ్గించదు. ఈ తేడా తెలియక కాల్చుకున్న పరికరాలు నా దగ్గరికి తరచూ వస్తాయి. ప్రయాణాలకని అమ్మే తేలికపాటి కన్వర్టర్లు కూడా డిగ్రీల అంకె చూపే కర్లర్లకు పనికిరావు, అందులోని సర్క్యూటు పాడవుతుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడవచ్చు కానీ ఆ ఖర్చుతో ఇక్కడే ఒక మంచి కర్లర్ వస్తుంది.

సాగరతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. చూశాను, పిడి మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. మీరు చెప్పకపోయి ఉంటే ఆదివారం ప్లగ్గులో పెట్టేదాన్నే. మేనత్త బాధపడకుండా దాన్ని తిరిగి ఆవిడ సూట్‌కేసులోకి ఎలా చేర్చాలో ఆలోచించాలి.

క్లిప్పు ఉన్నది కొనాలా, క్లిప్పు లేకుండా మొన తేలిన రాడ్డు కొనాలా అన్నది ఇంకా తేలలేదు. పిన్ని కూతురి సంగతి, అమ్మ సవరం సంగతి కూడా చెప్పగలరా? ఆ అమ్మాయి తన ఉంగరాలన్నీ ముందు స్ట్రెయిటెనర్‌తో సాఫీ చేసుకుని, ఆ తరువాత మా అందరిలాగే పెద్ద రింగులు తిప్పుకుంటానని పట్టుబడుతోంది.

ఉంగరాల తల

ఆ అమ్మాయికి నా మాటగా చెప్పండి, ఆ పని చేయవద్దని. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నాదీ పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వారానికి మూడు రోజులు సాఫీ చేసి మళ్లీ రింగులు తిప్పుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి తలంటు పోసుకున్నా నా ఉంగరాలు వెనక్కి రావడం మానేశాయి; కుదుళ్ల దగ్గర ఉంగరాలు, కింద చీపురుపుల్లలు. వేడికి కెరటిన్ ఒకసారి దెబ్బతింటే ఏ కండిషనరూ దాన్ని తిరిగి తీసుకురాదు. ఆ భాగం పెరిగి కత్తిరించుకునేదాకా రెండేళ్లకు పైగా పట్టింది. దానికి తోడు మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. ఆ ఉప్పు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పేరుకుని జుట్టు ముందే గరుకెక్కి ఉండేది.

ఉంగరాల జుట్టువారికి కర్లర్ అవసరమే లేదని నా అభిప్రాయం. తడిజుట్టుకు కండిషనర్ లేదా జెల్ పట్టించి, పాయలుగా వేలికి చుట్టి వదిలేసి, ఆరేదాకా ముట్టుకోకుండా ఉంటే చాలు. పెళ్లిలో అందరి తలలూ ఒక్క అచ్చులో పోసినట్లు ఉండాలని ఎవరన్నారు?

ఇరవయ్యేళ్ల దువ్వెన

ఉంగరాల తల గారు చెప్పినదానిలో ముప్పాతిక వంతు నాకు సమ్మతమే. సాఫీ చేసి తిరిగి తిప్పడమంటే ఒకే పూట రెండుసార్లు కాల్చడం. అయితే కర్లర్ అసలే వద్దనడం నాకు కొంచెం అతిగా అనిపిస్తుంది. ఉంగరాల తలలో కూడా కణతల దగ్గర, ముఖం చుట్టూ నాలుగైదు పాయలు మిగతావాటితో కలవకుండా చింపిరిగా నిలబడుతుంటాయి. ఆ అమ్మాయి మిగతా తలను వేలితో చుట్టుకుని పూర్తిగా ఆరనివ్వాలి. ఆ నాలుగైదు పాయలను మాత్రం తన ఉంగరం లావుకు సరిపోయే సన్నని రాడ్డు మీద, అది సహజంగా తిరిగే వైపుకే, 150 దగ్గర ఒక్కసారి చుట్టి వదలవచ్చు. ఎదురు వైపుకు తిప్పితే ఆ పాయ పక్కవాటితో కలవక దూరం నుంచే కనిపిస్తుంది.

ఇంట్లో ఒకరి తల ఒకరు తిప్పుకునేటప్పుడు క్లిప్పు ఉన్నదే మంచిది. పాయ చివరను క్లిప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి వేళ్లు రాడ్డు దాకా పోవు. గట్టిగా నొక్కితే మాత్రం చివర మడత పడుతుంది. పాయను మధ్యలో పట్టుకుని, క్లిప్పును వదులు చేస్తూ చివరిదాకా జార్చి, అప్పుడు పైకి చుట్టండి. క్లిప్పు లేని రాడ్డుతో మడతలు రావు, పని తొందరగా అవుతుంది, కానీ వెనక జుట్టును కనబడకుండా చుట్టుకునేటప్పుడు మెడ, చెవి కాలడం ఖాయం. దానితో పాటు వచ్చే చేతి తొడుగును పెట్టెలో వదిలేయకండి. ఎక్కడైనా కాలితే టూత్‌పేస్టు, ఐసు వద్దు. కుళాయి కింద ధారగా పారే చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి.

అమ్మగారి విషయంలో రెండు సంగతులు. నెరిసిన వెంట్రుక ఎక్కువ వేడికి పసుపు రంగులోకి తిరుగుతుంది, అందుకని 150 దాటవద్దు. సవరం అసలు జుట్టుతో అల్లినదో, సింథటిక్‌దో ముందు తేల్చుకోండి. అమ్మేవాళ్లు అన్నీ అసలువే అంటారు. సవరం నుంచి ఒక్క పోగు లాగి, నీళ్ల పళ్లెం మీద పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. అసలు వెంట్రుక వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయిపోయే బూడిదగా మారుతుంది. సింథటిక్ పోగు కరిగి ప్లాస్టిక్ వాసన వేస్తుంది, చివర గట్టి ముత్యంలా గడ్డకడుతుంది. అలా గడ్డకట్టేదాన్ని కర్లర్ మీద పెడితే సవరం పోతుంది, రాడ్డుకు అంటుకుని కర్లరూ పోతుంది. అసలుదైతే తలకు పెట్టకముందే, తలుపు గడియకు కట్టి విడిగా తిప్పుకోండి.

మల్లెల సంగతి కూడా చెప్పాలి. మాల వాడకుండా నీళ్లు చిలకరించి అరటాకులో చుట్టి తెస్తారు కదా, ఆ తడి మాలను తెచ్చినట్టే తురిమితే అది ఆనినచోట రింగు జారిపోతుంది. అరగంట ముందే పొడి తువ్వాలు మీద పరిచి నీరు లాగనివ్వండి.

సాగరతీరం

నిన్న సాయంత్రం అందరం కూర్చుని ఒకసారి చేసి చూశాం. డిగ్రీల అంకె, క్లిప్పు ఉన్న 25 మిల్లీమీటర్ల సిరామిక్ కర్లర్ కొన్నాను. నా జుట్టుకు 150 పెట్టి, పెన్సిలంత పాయలతో, ప్రతి రింగునూ అరచేతిలో పట్టి క్లిప్పు గుచ్చుకుంటూ పోతే తల పూర్తి కావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ తరువాత పదిహేను నిమిషాలు ఫ్యాను కింద కూర్చున్నాను. అదే డాబా మీద రాత్రి భోజనాలయ్యేదాకా ఉన్నాను. రింగులు కొంచెం సాగి అలలయ్యాయి కానీ విడిపోలేదు. మాడు వాసన రాలేదు.

చెల్లెలికి 185 దగ్గర బాగా వచ్చింది, కానీ ఆ పొడవుకు గంటన్నర పైనే పట్టింది, నా మోచేయి పట్టేసింది. రిసెప్షన్ రోజు కింది సగం మాత్రమే తిప్పాలని నిర్ణయించుకున్నాం. పిన్ని కూతురు మొదట మొహం ముడుచుకుంది. వేలితో చుట్టుకుని ఆరాక అద్దం ముందు చాలాసేపు నిలబడింది, ముందు మూడు పాయలకు తప్ప కర్లర్ అడగలేదు.

అమ్మ సవరం పోగు కాల్చి చూశాం. చివర నల్లటి ముత్యం కట్టింది. అసలు జుట్టని చెప్పి అమ్మితే పదేళ్ల కిందట కొన్నదట. అమ్మ కాసేపు ఆ ముత్యాన్ని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుని, తనకు రింగులు వద్దని, ఎప్పటిలాగే ముడి వేసుకుంటానని లేచి వెళ్లిపోయింది.